రెండున్నర మార్కుల కోత

ఎనభైల నాటి అమెరికన్ సినిమాలకు మా అన్నయ్య మార్కులు వేసిన నోటుబుక్కు ఒకటుంది. అట్ట చిరిగిపోతే పరీక్ష పేపర్ల కట్టలకు చుట్టే ఖాకీ కాగితం అంటించాడు. లెక్క నూటికి. కథకు నలభై, నటనకు ముప్పై, ముగింపుకు ముప్పై. ఎక్కడ అర మార్కు తగ్గినా ఎందుకు తగ్గిందో పక్కనే ఎర్ర సిరాతో రాసి ఉంటుంది. ఆయన లెక్కల మాస్టారు. బళ్లో పిల్లలు పెట్టిన పేరు అరమార్కు మాస్టారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. "పేరు పెట్టిన తెలివికి నూరు, వెనకాల అన్నందుకు అర కోత" అంటాడు.

నేను కళ్లద్దాల షాపులో పవర్ చూస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చున్న మనిషి కంటి ముందు ఒక అద్దం వేసి, తీసి, ఇంకోటి వేసి, "ఇది బాగుందా, అది బాగుందా" అని అడగడమే నా ఉద్యోగం. రెండింట్లో ఏది బాగుందో తేల్చుకోలేక చెమటలు పట్టిన పెద్దమనుషుల్ని చాలామందిని చూశాను. కాబట్టి పోల్చి తీర్పు చెప్పడంలో మా అన్నాచెల్లెళ్లిద్దరం ముదుర్లమే అని నా గట్టి నమ్మకం. పోయిన నెల దాకా.

మా నాన్నది టీవీలు, రేడియోలు బాగుచేసే దుకాణం. ఇంటి ముందు గదే దుకాణం. రిపేరుకొచ్చిన వీసీఆర్లు రెండు ఒకేసారి చేతిలో పడ్డప్పుడల్లా వాటిని వైరుతో కలిపి, ఎవరినో అడిగి తెచ్చిన అమెరికన్ సినిమాని మా క్యాసెట్టులోకి ఎక్కించేవాడు. ఆ సేపంతా టీవీ ఆపేసి తన పని తను చేసుకునేవాడు. సాయంత్రానికి అసలు క్యాసెట్టు ఎవరిది వాళ్లకు వెళ్లిపోయేది. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు. ఆదివారం మాతో కూర్చుని సినిమా చూశాక, అట్ట మీద తనకు తోచిన పేరు తెలుగులో రాసేవాడు. గుండు పోలీసు. మంచు ఊరు. లారీ నాన్న. వాటి అసలు పేర్లు మాకు తెలిసేసరికి మేం పెద్దవాళ్లమైపోయాం. నాకిప్పటికీ నాన్న పెట్టిన పేర్లే నోటికొస్తాయి. ఇక్కడా అవే వాడతాను.

మూడు గంటల క్యాసెట్టులో రెండు సినిమాలు ఇరికించడం ఆయన పద్ధతి. మొదటిది నిండుగా ఉండేది. రెండోదానికి చివర ఓ పావుగంట తెగిపోయేది. హీరో కత్తికి ఎదురుగా నిలబడతాడు, లేదా హీరోయిన్ రైలెక్కడానికి ఒక కాలు ఎత్తుతుంది, అంతే, తెర నిండా చుక్కలు. మేం "అయ్యో!" అని అరిచేవాళ్లం. నాన్న స్టూలు మా వైపు తిప్పుకుని, "నేను ఎక్కించేటప్పుడు చూశాలే, ఏమైందంటే..." అని మిగతా కథ చెప్పేవాడు. రెండే రెండు నిమిషాలు. మా మొహాలు చూస్తూ, మా మొహాల్లో ఏం కావాలో అది ఇస్తూ చెప్పేవాడు.

నాన్న చెప్పిన ముగింపుల్లో ఎవరూ చచ్చేవాళ్లు కాదు. బాంబు పేలినా సరే, భూమి బద్దలైనా సరే, అందరూ భోజనం వేళకి ఇల్లు చేరాల్సిందే. అమెరికా వాళ్లు ఎంత మంచివాళ్లో అనుకునేదాన్ని.

అవి కల్పించిన ముగింపులని నాకు ఇరవై రెండేళ్లప్పుడు తెలిసింది. హాస్టల్ టీవీలో ‘మంచు ఊరు’ వచ్చింది. మంచులో కూరుకుపోయిన ఊళ్లో ఒక్కతే మిగిలిపోయి అందరికీ ఫోన్లు కలిపే ఆవిడ కథ. నాన్న లెక్క ప్రకారం ఆవిడ తమ్ముడు బండి కట్టుకుని వచ్చి, దుప్పటి కప్పి ఇంటికి తీసుకుపోతాడు. టీవీలో మాత్రం ఆవిడ ఫోన్ల బల్ల దగ్గరే గడ్డకట్టి చచ్చిపోయింది. ఒళ్లు మండిపోయింది నాకు. సెలవులకు ఇంటికెళ్లి అడిగాను. ఆయన టంకం పెడుతూ తలెత్తకుండానే అన్నాడు.

"మీరు ఎంత చూశారో నేనూ అంతే చూశాను. తర్వాతేమైందని అడిగారు. చెప్పాను. చెప్పకూడదా?"

"అన్నీ అంతేనా?"

"అన్నీ అంతే." కాస్త ఆగి, "పెద్దాడికి చెప్పకు. మార్కులు కోసేస్తాడు" అన్నాడు.

నేను పడీపడీ నవ్వాను. చెప్పనని మాటిచ్చాను. ఇది ఇరవై ఆరేళ్ల కిందటి సంగతి. అన్నయ్యకు ఆ విషయం తనంతట తానుగా తెలిసే దారి కూడా లేదు, ఎందుకంటే ఆయన చూసిన సినిమా మళ్లీ చూడడు. "దిద్దిన పేపరు మళ్లీ దిద్దను" అంటాడు.

ఇక ఆయనా నాన్నా ఎందుకు మాట్లాడుకునేవాళ్లు కాదో చెప్పాలి. అప్పుడు అన్నయ్యకు పదిహేనేళ్లు, నాకు పదకొండు. ఎవరో పరాయి దేశం నుంచి తెచ్చుకున్న వీసీఆర్ ఒకటి రిపేరుకొచ్చింది. అలాంటి వాటికి వెనకాల ఒక చిన్న మీట ఉంటుంది, నూట పది వోల్టులకా, రెండొందల ఇరవైకా అని. బాగుచేసేవాడు మొట్టమొదట చూసుకోవాల్సింది అదే. నాన్న చూసుకోలేదు. "ప్లగ్గు పెట్టరా" అన్నాడు. అన్నయ్య పెట్టాడు. లోపల టప్పుమంది, పొగ లేచింది. వీసీఆర్ ఆసామి అక్కడే ఉన్నాడు, ఇంకో ముగ్గురు ఉన్నారు. నాన్న లేచి అన్నయ్య చెంప ఛెళ్లుమనిపించాడు. "కళ్లు లేవా?" అన్నాడు. అందరూ వెళ్లాక, టార్చి వేసి ఆ మీట వంక ఆయన చాలాసేపు చూస్తూ ఉండటం నేను తలుపు సందులోంచి చూశాను.

ఆ తర్వాతైనా "తప్పు నాదిరా" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఆయన పప్పులో కాలేసినా తప్పు పప్పుదే అనే మనిషి. అన్నయ్య మళ్లీ ఆ దుకాణం గడప లోపల కాలు పెట్టలేదు, ఇంట్లోకి కూడా పక్క సందులోంచే వచ్చేవాడు. నాన్నతో ఆఁ, ఊఁ తప్ప మాట్లాడలేదు. ఆఁ, ఊఁలతోనే పెళ్లి చేసుకున్నాడు, ఆఁ, ఊఁలతోనే ఆసుపత్రికి తీసుకెళ్లాడు, తొమ్మిదేళ్ల కిందట నాన్న పోయినప్పుడు జరగాల్సినవన్నీ ఒక్క లోటు లేకుండా జరిపించాడు.

ఆ చెంపదెబ్బ పడిన వారంలోనే ‘లారీ నాన్న’ చూశాం. లారీ తోలే తండ్రి, వంటవాడు కావాలనుకునే కొడుకు. "అయితే పో" అని తండ్రి తలుపు వేసేస్తాడు. ఏళ్లు గడుస్తాయి. కొడుకు ఎక్కడున్నాడో తండ్రికి తెలుస్తుంది. ఆ చివరి నుంచి ఈ చివరికి దేశమంతా అడ్డంగా లారీ తోలుకుంటూ బయల్దేరతాడు. రోడ్డు, వాన, రేడియోలో పాట, చుక్కలు. అన్నయ్య లోపలికి రాకుండా గుమ్మానికి ఆనుకుని నిలబడే చూశాడు. నాన్న ఆ రోజు స్టూలు తిప్పలేదు. చేతిలో స్క్రూడ్రైవరుని చూసుకుంటూ ముగింపు చెప్పాడు. తండ్రి తలుపు కొడతాడు, కొడుకు తీస్తాడు, తండ్రి టోపీ తీసి చేత్తో పట్టుకుని తప్పు తనదేనంటాడు. ఇంకా చాలా చెప్పాడు. మిగతా మాటలు నాకు గుర్తులేవు. "మరి భోజనం పెట్టాడా?" అని నేను అడగటం మాత్రం గుర్తుంది.

అన్నయ్య ఆ సినిమాకు తొంభై ఏడున్నర వేశాడు. అంతకు మించి ఆయన చేతిలో మార్కులు తెచ్చుకున్న ప్రాణి లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మా లైబ్రరీ మేడ మీద శనివారం మధ్యాహ్నాలు ఒక సినిమా బృందం కూడుతుంది. పాతికమందిమి ఉంటాం. అధ్యక్షుడు ఒక పళ్ల డాక్టరు. పోయిన నెల ఆయనకో ఆలోచన వచ్చింది. ఎనభైల నాటి అమెరికన్ సినిమాల్లోంచి ఒక్కదాన్ని అన్నిటికంటే మిన్నగా ఎంచాలి. ఎవరికి నచ్చినదాని తరఫున వాళ్లు మాట్లాడాలి. గెలిచినదాన్ని తర్వాతి శనివారం అందరం కలిసి చూడాలి. లైబ్రరీ నడిపే మేడం దగ్గర ఆ కాలం సినిమాల డిస్కులు గోడ నిండా ఉన్నాయి.

డాక్టరుగారు ‘గుండు పోలీసు’ తరఫున మాట్లాడారు. "ఈ కాలం సినిమాలు నోరు తెరిపిస్తాయి కానీ పని చెయ్యవు. అప్పటివి పని పూర్తిచేసి పంపించేవి" అన్నారు. నిజమే, కానీ ఆ పని ఎప్పుడూ ఒకటే పని అని నేనన్నాను. ఆ పదేళ్లలో అమెరికాలో తయారైన ప్రతి బాంబుకీ చూసేవాళ్ల సౌకర్యం కోసం ఎర్రంకెల గడియారం ఉంటుంది. ప్రతి పోలీసూ ఉద్యోగం పోగొట్టుకున్నాకే ఉద్యోగం బాగా చేస్తాడు. చివర్లో ఎవడో ఒకడు మెల్లగా చప్పట్లు మొదలుపెడతాడు, ఊరంతా అందుకుంటుంది. లైబ్రరీ మేడం ‘మంచు ఊరు’ గురించి మాట్లాడారు. అది అందరిలా అరవకుండా కథ చెప్పిందనీ, అందుకే అప్పట్లో ఎవరికీ వినపడలేదనీ అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. నా ఓటు దానికే అనుకున్నాను.

అప్పుడు అన్నయ్య లేచాడు. నోటుబుక్కు తెరిచాడు.

"గుండు పోలీసుకి అరవై నాలుగు. మంచు ఊరికి ఎనభై తొమ్మిది. నేను చెప్పబోయేదానికి తొంభై ఏడున్నర" అని మొదలుపెట్టాడు. పిల్లలకు నిరూపణ చెప్పినట్టే చెప్పాడు. ఆ పదేళ్ల సినిమాల్లో తండ్రులు ఎక్కువగా లేరు. ఉన్నవాళ్లు ఫోన్లు మాట్లాడుతుంటారు, లేకపోతే ఆటస్థలానికి ఆలస్యంగా వస్తారు. ఆట గెలవగానే కొడుకు వాళ్లను క్షమించేస్తాడు. తండ్రి నోరు విప్పి తప్పు ఒప్పుకునే సినిమా ఒక్కటే. అదే ‘లారీ నాన్న’. "మూడు రోజులు లారీ తోలుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి, టోపీ తీసి, తప్పు నాది అంటాడు. అంతే. ఆ ఒక్క మాట కోసం సినిమా అంతా తీశారు. ఆ మాట అనగలిగిన తండ్రిని నేను సినిమాలోనే చూశాను. బయట చూడలేదు."

డాక్టరుగారు బుగ్గ గోక్కుని, "నేనెప్పుడో చూశాను మాస్టారూ, ఆ టోపీ సంగతి గుర్తు రావట్లేదు. మరి రెండున్నర ఎందుకు కోశారు?" అన్నారు.

"కథలో లోపం ఉంది. ముందు చూపించని దానికి చివర్లో క్షమాపణ చెప్పిస్తారు. ముగింపు గొప్పది కాబట్టి ముప్పైకి ముప్పై ఇచ్చి, కథలో రెండున్నర కోశాను" అన్నాడు అన్నయ్య.

చేతులెత్తారు. గెలిచింది ‘లారీ నాన్న’. లైబ్రరీ మేడం వెళ్లి గోడలోంచి డిస్కు తీసి బల్ల మీద పెట్టారు. నిజం ముగింపు ఏమిటో నాకు తెలీదు, కానీ టోపీ ఉండదని మాత్రం తెలుసు. వచ్చే శనివారం పాతికమంది ముందు అన్నయ్య పరువు పోతుంది. పరువు మాటెలా ఉన్నా, నాన్న అబద్ధం చెప్పాడని తెలుస్తుంది. ఆఁ, ఊఁల మనిషికి నాన్న దగ్గర్నుంచి దక్కినవి ఆ ముగింపులే. అవి కూడా పోతాయి.

బుధవారం షాపు నుంచి నేరుగా అన్నయ్య ఇంటికెళ్లాను. వదిన తలుపు తీసి, "ఇవాళ నాలుగో సెక్షను దిద్దుతున్నారు. నెమ్మదిగా మాట్లాడు, అరిస్తే పిల్లల మార్కులు తగ్గుతాయి" అంది. ఆయన కింద కూర్చుని, పేపర్ల కట్టలు మోకాళ్ల దగ్గర పేర్చుకుని ఉన్నాడు.

"అన్నయ్యా, శనివారానికి ముందు ఆ సినిమా ఒకసారి చూసుకోరాదూ?"

"దిద్దిన పేపరు..."

"మళ్లీ దిద్దవు. తెలుసు. చిన్నప్పుడు చూసింది కదా, ఏదైనా తేడాగా గుర్తుండొచ్చుగా?"

ఆయన పెన్ను ఆపి నా వంక చూశాడు. "చిట్టీ, నాకు ఆ ముగింపు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఎందుకు గుర్తుందో తెలుసా? ఆ వారమే నాన్న నన్ను నలుగురిలో కొట్టాడు. ఎవడో అమెరికా వాడు కొడుకు గుమ్మంలో టోపీ తీశాడని, ఆ నోటితోనే, నా ముందు కూర్చుని చెప్పాడు. చెప్పి, అదే స్క్రూడ్రైవరుతో పనిలోకి వెళ్లిపోయాడు. అంత చక్కగా చెప్పగలిగినవాడు తన మాట తను చెప్పలేకపోయాడే అని ముప్పై ఏడేళ్లుగా అనుకుంటున్నాను."

నోటుబుక్కు ఆఖరి పేజీ తిప్పి నాకు చూపించాడు. సినిమాల వరస అయిపోయాక, విడిగా ఒక గీత గీసి ఉంది. దాని కింద: నాన్న, 35. పక్కన ఎర్ర సిరాతో: గ్రేస్ 5 కలిపి.

"పోయినవాళ్లను ఫెయిల్ చెయ్యకూడదని కలిపాను" అన్నాడు. నేను చెప్పడానికి వచ్చిన మాట చెప్పకూడదనుకున్నాను. ముప్పై ఐదు మార్కుల తండ్రి మీద అబద్ధాలకోరనే పేరు కూడా పడితే ఆ గ్రేసు కూడా పోతుంది. వదిన ఇచ్చిన కాఫీ తాగి వచ్చేశాను.

గురువారం లైబ్రరీకి వెళ్లాను. మేడంతో చాటుగా, "డిస్కు మీద గీతలు పడ్డాయని చెప్పి వేరే సినిమా వేద్దామా?" అన్నాను.

ఆవిడ కళ్లజోడు తీసి నా వంక చూశారు. ఆ కళ్లజోడు పవర్ నేను రాసిందే. "నా దగ్గర గీతలు పడ్డ డిస్కులు ఉండవమ్మా" అన్నారు. ఆవిడ ఇరవై ఏళ్ల ఉద్యోగం మీద నేను బురద చల్లినట్టు అయింది. అయినా నా మొహం చూసి జాలిపడి, ఆఫీసు కంప్యూటర్లో ఆ సినిమా ఆఖరి పావుగంట పెట్టి, తలుపు దగ్గరకు వేసి వెళ్లారు.

తండ్రి లారీని కొడుకు ఇంటికి ఎదురుగా, రోడ్డుకు అవతల ఆపాడు. కిటికీలోంచి కొడుకు వంట చేస్తుండటం కనిపించింది. రేడియో కట్టేశాడు. చాలాసేపు కూర్చున్నాడు. దిగలేదు. టోపీ తీయలేదు సరికదా, ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. తాళం తిప్పాడు, లారీ కదిలింది, కొడుకు చప్పుడు విని కిటికీ దగ్గరకొచ్చేసరికి రోడ్డు ఖాళీగా ఉంది. అయిపోయింది. ముగింపు బాగుంది. నిజానికి నాన్న చెప్పినదానికంటే ఒక మెట్టు పైనే ఉంది. ఆ మాట ఒప్పుకోవడానికి మాత్రం నాకు మనసు రాలేదు.

శనివారం అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ముందు వరసలో కూర్చున్నాడు. నేను పక్కనే కూర్చున్నాను, ఏ క్షణంలో ఏం చెప్పాలో తెలీక. కిటికీలకు నల్ల తెరలు దించారు. సినిమా నడుస్తున్నంతసేపూ ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. వాన వచ్చింది, రేడియోలో పాట వచ్చింది. మా క్యాసెట్టు అయిపోయిన చోటు దాటింది. అన్నయ్య కుర్చీ అంచుకు జరిగాడు. లారీ ఆగింది. కిటికీ కనిపించింది. లారీ కదిలింది.

దీపాలు వేశారు. డాక్టరుగారు మా వైపు తిరిగి, "మాస్టారూ, ఇంతకీ టోపీ ఎప్పుడు తీశాడండీ?" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు, నోరు జారుతుందంతే. నలుగురైదుగురు నవ్వారు.

అన్నయ్య లేవలేదు. తెర వంకే చూస్తూ, నాకు మాత్రమే వినపడేలా అడిగాడు.

"నాన్న ఇది చివరిదాకా చూశాడా?"

"లేదు."

"మిగతావి?"

"ఏదీ చూడలేదు అన్నయ్యా. అన్నీ ఆయన కల్పించినవే. మనం అడిగేవాళ్లం కదా, అందుకని." ఆయన వైపు వంగాను. "నువ్వు బాధపడతావని చెప్పలేదు."

ఆయన నోటుబుక్కు తీశాడు. పసుపెక్కిన పేజీ ఒకటి తెరిచి నా ఒళ్లో పెట్టాడు. పదిహేనేళ్ల పిల్లవాడి గుండ్రటి అక్షరాలు. లారీ నాన్న. కథ 37½. నటన 30. ముగింపు 30. కింద ఎర్ర సిరాతో కోతకు కారణం: ‘నలుగురిలో నీ మీద చెయ్యి చేసుకోవడం నా తప్పు అని తండ్రి అంటాడు. కానీ సినిమాలో అతను కొడుకుని ఎక్కడా కొట్టలేదు.’

నేను రెండుసార్లు చదివాను. నిజమే. మొదటి నుంచి చివరిదాకా ఆ సినిమాలో ఎవరూ ఎవరినీ కొట్టలేదు. కొట్టింది మా ఇంట్లో. నలుగురూ ఉన్నది మా దుకాణంలో. భోజనం పెట్టాడా అని అడిగిన పదకొండేళ్ల పిల్లకు ఆ మాట పట్టలేదు. ఇరవై రెండేళ్లప్పుడు అన్నీ కల్పనలే అని తెలిశాక కూడా, ఈ ఒక్కటి దేనికోసం కల్పించాడో నాకు తోచలేదు. పెద్దాడికి చెప్పకు అంటే నేను నవ్వాను.

అన్నయ్య లేచి నిలబడ్డాడు. డాక్టరుగారి వైపు తిరిగాడు.

"టోపీ తీసింది ఈయన కాదండీ, వేరే ఆయన. ఒకరి మార్కులు ఇంకొకరి నంబరు మీద వేసేశాను. నా పొరపాటే" అన్నాడు.

అన్నయ్య నోట పొరపాటు అనే మాట నేను అదే మొదటిసారి వినడం. డాక్టరుగారికి ఏమీ అర్థం కాలేదు కానీ, అర్థమైనట్టు తలూపారు. మేం బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. కింద సైకిళ్ల స్టాండు, పుస్తకాలు తిరిగిచ్చే పెట్టె కనిపిస్తున్నాయి. ఆయన జేబులోంచి ఎర్ర పెన్ను తీసి ముందు సినిమా సంగతి చూశాడు. కథలో కోసిన రెండున్నర తిరిగిచ్చాడు. ముగింపుకు ఇరవై ఎనిమిదిన్నర వేశాడు, దిగకుండా వెళ్లిపోవడం కూడా ఒక రకం నిజమేనని. తర్వాత ఆఖరి పేజీ తిప్పి ముప్పై ఐదు కొట్టేశాడు. గ్రేసు కూడా కొట్టేశాడు. పెన్ను అక్కడే ఆగిపోయింది. కళ్లు నిండాయి. చేతి వెనక వైపుతో తుడుచుకుని 99½ అని వేశాడు.

"ఆ అర కూడా ఇచ్చేయరాదూ?" అన్నాను. నేనూ ఏడుస్తున్నాను.

"అంత మాట తీసుకెళ్లి అమెరికా వాడి నోట్లో పెట్టాడు. అందుకు అర" అన్నాడు.

"మరి నాకు?"

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"నీది విత్‌హెల్డ్. ఫలితం ఆపాను" అన్నాడు. పెన్నుకు మూత పెట్టబోయి, అది పట్టక, చేతిలోనే ఉంచుకున్నాడు. "నీకు తెలిసి ఇరవై ఆరేళ్లయింది చిట్టీ. ఆయన పోయి తొమ్మిదేళ్లు."

తీసివేత ఆయన చెప్పలేదు. నాకు వదిలేశాడు. పదిహేడేళ్లు నాన్న ఆ స్టూలు మీదే ఉన్నాడు, వీధిలోంచి చూస్తే కనిపించేంత దగ్గరలో, ఈయన ఆఁ, ఊఁ అంటూ ఆ గుమ్మం ముందునుంచే రోజూ బడికి వెళ్లాడు.